పంపని సైన్యం

యుద్ధాన్ని గురించి ధర్మవేత్తలు అడిగిన ప్రశ్నలలో అధికభాగం పంపిన సైన్యాన్ని గురించినవే. ఆ సైన్యం న్యాయమైన కారణానికై వెడలినదా, నిరాయుధుని చంపినదా, శరణన్నవానిని కాచినదా అని అడుగుతాము. పంపని సైన్యాన్ని గురించి అడిగేవారు అరుదు. ఓడ ఎక్కని సేన గెలువలేదు, ఓడలేదు, పాపం చేయలేదు. కాబట్టి దానికి చరిత్ర లేదని తలుస్తాము. కాని ఆ సేన చేరని ఒడ్డున కొందరు మనుష్యులు ఉంటారు. వారికి చరిత్ర ఉన్నది. వారి పక్షాన నిలిచి చూచినప్పుడు పంపకపోవడం కూడ ఒక కార్యమేననీ, దానికి కూడ కర్తలు ఉన్నారనీ తెలుస్తుంది.

ఇటువంటి ప్రశ్నను గాలిలో నిలిపి చర్చించడం కంటె ఒక చోట నిలిపి చర్చించడం మేలు. ఆ చోటు బంగాళాఖాతంలో మనకు ఎదురొడ్డున ఉన్న అండమాను దీవులు. శ్రీకాకుళం, విశాఖపట్టణం తీరాల నుంచి వలసపోయి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అయినప్పటికీ ఆ దీవుల పేరు వినగానే మనకు జ్ఞప్తికి వచ్చేది సెల్యులర్ జైలు మాత్రమే. జైలు కథ మరువరానిదే. అయితే రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ దీవుల ప్రజలు జైలు గోడలకు లోపల, వెలుపల పడిన బాధ వేరొక కథ. సైన్యాన్ని పంపవలెనా, వద్దా, పంపితే ఎంత పంపవలెను అని దూరదేశపు పెద్దలు వాదులాడుకొన్న ఒక వివాదం ఆ కథలో ఇమిడి ఉన్నది.

మొదటి ఘట్టం 1942 నాటిది. ఆ సంవత్సరం జనవరిలో, మలయాలో బ్రిటిషు సేనలు వెనుకకు తగ్గుతూ ఉన్న దినాలలో, పోర్టు బ్లెయిరుకు ఒక గూర్ఖా దళాన్ని పంపినారు. అంతకుముందు దీవుల రక్షణకు ఉన్నది 300 మంది సిక్కు బలగం, 23 మంది ఆంగ్లాధికారులు మాత్రమే. ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయినది. మార్చి 8న రంగూను చేజారినది. రంగూను పోయిన తరువాత పోర్టు బ్లెయిరును నిలుపుకోవడం అసాధ్యమని సేనానులు తేల్చినారు. మార్చి 10న గూర్ఖా దళాన్ని ఓడ ఎక్కించి అరకానుకు తీసుకొనిపోయినారు. మార్చి 23న జపాను సేన ఎదురులేకుండ ఒడ్డున దిగినది.

యుద్ధనీతి తెలిసినవాడు ఎవ్వడూ ఆ ఉపసంహారాన్ని తప్పుపట్టలేడు. నాలుగు దిక్కులా శత్రునౌకలు తిరుగుతూ ఉండగా ఒక్క దళం ఏమి చేయగలదు? నిలిస్తే చచ్చేవారు, లేదా బందీలయ్యేవారు. కాని ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. సైన్యం నోటితో మాటలాడదు. అయినా ఒక ఊరిలో విడిది చేసిన సైన్యం “మీకు మేమున్నాము” అని చెప్పకయే చెబుతుంది. ఆ మాటను నమ్మి బ్రదుకు సాగించినవారికి సైన్యం ఎంత న్యాయంగా వెడలిపోయినా మాట తప్పినట్లే ఉంటుంది. రెండు నెలలు ఉంచి తీసుకొనిపోయిన దళం, ఎన్నడూ పంపని దళం కంటె పెద్ద శూన్యాన్ని విడిచిపోతుంది. తెల్లదొరల పాలన తొలగినదని సంతోషించినవారు కూడ ఆ దీవులలో లేకపోలేదు. ఆ సంతోషం నిలిచినది కొద్ది దినాలే.

రెండవ ఘట్టం ఇంతకంటె పెద్దది. 1943 నవంబరు చివరివారంలో కైరో నగరంలో రూజ్‌వెల్టు, చర్చిలు, చాంగ్ కై షేక్ కలిసికొన్నారు. వారి ముందు ఉన్న ప్రణాళికలలో ఒకటి అండమాను దీవులను సముద్రమార్గాన దాడి చేసి తిరిగి పట్టుకోవడం. దానికి పెట్టిన గుప్తనామం బకనీర్, అనగా కడలిదొంగ. ఆగ్నేయాసియా సేనల అధిపతి మౌంట్‌బాటెన్ ఆ దాడిని నిర్వహించవలసినవాడు. బంగాళాఖాతంలో నౌకాదాడి జరిగితే తప్ప తన యున్నాను సేనలను బర్మాలోకి నడపనని చాంగ్ పట్టుపట్టినాడు. కొన్ని మాసాలలో అటువంటి దాడి జరుగుతుందని రూజ్‌వెల్టు ఆయనకు మాట ఇచ్చినాడు.

చర్చిలుకు ఈ యోచన మొదటినుంచి రుచించలేదు. తూర్పున దాడి చేయవలసివస్తే సుమత్రా మేలని ఆయన అభిప్రాయం. సేనలను ఒడ్డుకు దింపే పడవలు మధ్యధరా సముద్రంలో రోడ్సు దీవికై కావలెనని ఆయన కోరిక. అమెరికా నౌకాదళాధిపతి కింగ్ బకనీర్‌ను గట్టిగా సమర్థించినాడు. బ్రిటిషు సేనాధిపతి బ్రూక్ అంత గట్టిగానూ వ్యతిరేకించినాడు. వారిద్దరి మధ్య కైరోలో మాటలు మితిమీరినవి. తరువాత టెహరానులో స్టాలిను, జర్మనీ ఓడిన మీదట జపానుపై యుద్ధంలో తానూ చేరుతానని చెప్పి, ఐరోపా దాడిని త్వరపెట్టమన్నాడు. దానితో త్రాసు ఒరిగినది. తిరిగి కైరో చేరినాక మౌంట్‌బాటెన్ అడిగిన సైన్యం లెక్క చర్చకు వచ్చినది. దీవులలో జపానువారు సుమారు 5,000 మంది. వారిపై ఆయన కోరినది సుమారు 50,000 మందిని. ఒకనికి పదిమందా అని చర్చిలు మండిపడినాడు. డిసెంబరు 5న రూజ్‌వెల్టు తన సేనాపతుల సలహాను కాదని, చాంగ్‌కు ఇచ్చిన మాటను వెనుకకు తీసుకొన్నాడు. బకనీర్ ఆగిపోయినది. దాని పడవలు పడమటికి మరలినవి.

యోధులు యుద్ధం కోరుతారనీ, రాజనీతిజ్ఞులు అడ్డుతారనీ, లేక దీనికి విపర్యయంగా జరుగుతుందనీ మనం సాధారణంగా అనుకొంటాము. ఈ వివాదం అట్టి విభజనకు లొంగదు. ఇందులో ఒక దేశపు సేనాపతులు పంపమన్నారు, మరియొక దేశపు సేనాపతులు వద్దన్నారు. ఒక నాయకుడు మాట ఇచ్చి తప్పినాడు, మరియొక నాయకుడు మొదటినుంచి ఒకేమాట మీద నిలిచినాడు. రణరంగానికి దగ్గరగా ఉన్న సేనాని ఎక్కువమందిని అడిగినాడు. దూరాన ఉన్నవారికి అది దుబారాగా తోచినది. ఎవరి వాదానికి తగిన హేతువులు వారికి ఉన్నవి. పదిమందిని అడిగిన మౌంట్‌బాటెన్ తన సైనికుల ప్రాణాలను కాపాడదలచినాడు. బలం ఎంత అధికమైతే ప్రాణనష్టం అంత తక్కువ. ఆ పదిమందిని నిరాకరించిన చర్చిలు కూడ ఆ బలం వేరొక చోట మరిన్ని ప్రాణాలను కాపాడుతుందని వాదించగలడు.

అయితే ఈ వాదంలో వినిపించే సంఖ్యలు రెండే: 5,000, 50,000. మూడవ సంఖ్య ఒకటి ఉన్నది. 1941 జనాభా లెక్కల ప్రకారం అండమాను నికోబారు దీవుల జనం 33,768 మంది. శిక్ష ముగిసిన ఖైదీలు, వారి బిడ్డలు, గుమాస్తాలు, వర్తకులు, కూలీలు, నికోబారు గ్రామాలవారు, అడవిలోని ఆదిమజాతులవారు అందరూ కలిసి అంతమంది. ఆ సమావేశాల వృత్తాంతం నేను చదివినంతలో ఈ మూడవ సంఖ్య నాకు కనిపించలేదు. పడవల లెక్క ఉన్నది, విమానాల లెక్క ఉన్నది, చైనా మనసు నొచ్చుకొంటుందేమోనన్న చింత ఉన్నది. దీవుల ప్రజలు ఏమవుతారన్న ప్రశ్న లేదు. దాడిని సమర్థించినవారు కూడ వారికోసం సమర్థించలేదు. వారికి కావలసినది విమానస్థలం, నౌకాశ్రయం.

ఆ శీతకాలంలో దీవులలో ఏమి జరిగినదో చూతాము. బ్రిటిషువారు సైన్యాన్ని పంపలేదు గాని, 1943లో జలాంతర్గామిలో రహస్యంగా చిన్న గూఢచారి బృందాలను పంపినారు. తమ ఓడలు మునగడానికి గూఢచారులే కారణమని జపాను అధికారులు శంకించినారు. వారికి దొరికినది అడవిలో దాగిన బృందాలు కాదు, ఊరిలో ఉన్న నిరపరాధులు. వైద్యుడూ పంజాబీ కవీ అయిన దివాన్ సింగ్, పోర్టు బ్లెయిరులో భారత స్వాతంత్ర్య సంఘానికి నాయకత్వం వహించినవాడు. 1943 అక్టోబరులో ఆయనను నిర్బంధించి, సెల్యులర్ జైలులో చిత్రహింసల పాలుచేసినారు. 1944 జనవరి 14న ఆయన మరణించినాడు. అదే నెల 30వ తేదీన హంఫ్రీగంజిలో 44 మంది భారతీయులను గూఢచారులన్న నెపం మీద కాల్చిచంపినారు. 1945 ఆగస్టులో, జపాను లొంగుబాటుకు కొద్ది దినాల దూరంలో, ఆహారం చాలని ఆ దీవిలో తినే నోళ్లను తగ్గించడానికై వందలాది జనాన్ని పడవలలో హేవ్‌లాక్ దీవికి కొనిపోయి సముద్రంలోకి దింపినారు. కొందరు మునిగిపోయినారు, ఒడ్డు చేరినవారిలో అధికసంఖ్యాకులు ఆకలితో చనిపోయినారు. 1945 అక్టోబరులో భారతీయ పదాతిదళం ఒకటి పోర్టు బ్లెయిరుకు చేరి జపానువారి లొంగుబాటును స్వీకరించినది. అప్పటికి గూర్ఖా దళం వెడలిపోయి మూడున్నర సంవత్సరాలు దాటినవి. 1951 జనాభా లెక్కలలో దీవుల జనం 30,971. ఆ తగ్గుదల అంతా చావులవల్లనే వచ్చినదనడానికి వీలులేదు. దీవులు విడిచిపోయినవారు కూడ ఉన్నారు. అయినా పదేండ్లలో జనం పెరుగక తరిగిన ఆ లెక్క తన కథ తాను చెబుతుంది.

ఇంత విన్నాక కైరోలో తీర్పు చెప్పినవారే ఈ హత్యలకు కారకులని తేల్చివేయడం సులభం. అది న్యాయం కాదు. చంపినది జపాను సైన్యం. ఆ పాపం దానిదే. పైగా సైన్యం వచ్చి ఉంటే ఏమయ్యేదో కూడ ఆలోచించవలెను. 50,000 మంది దిగడానికి ముందు నౌకలు, విమానాలు ఆ చిన్న ఊరిమీద అగ్నివర్షం కురిపించేవి. చుట్టుముట్టబడిన జపాను దళం తన కోపాన్ని ముందుగా దీవివాసుల మీదనే తీర్చుకొనేదేమో. ఆ దాడిలో చావవలసినవారిలో మన గ్రామాల నుంచి జీతానికి చేరిన భారతీయ సైనికులూ ఉండేవారు. 1944 మార్చిలో జపాను సేన మణిపురం సరిహద్దు దాటినది. ఆనాడు తూర్పున ఉన్న ప్రతి దళమూ అవసరమైనది. 1944 జూన్ 6న నార్మండీలో దిగడానికి ప్రతి పడవా కావలసివచ్చినది. ఐరోపాలో నిర్బంధ శిబిరాలలో ప్రతిదినం వేలమంది చనిపోతూ ఉండగా, ఆ యుద్ధాన్ని ఒక్క నెల ముందు ముగించడం ఎన్ని ప్రాణాలను కాపాడుతుంది! ఈ హేతువులన్నీ త్రాసులో పెట్టినప్పుడు, బకనీర్‌ను ఆపడమే మంచిదని నిష్పక్షపాతి అయినవాడు కూడ చెప్పవచ్చును. నేనూ బహుశా అట్లే చెబుతాను.

అయితే సమస్య అంతటితో తీరదు. నిజానికి అక్కడే మొదలవుతుంది. నిర్ణయం సరియైనదే అయినప్పుడు, దానివల్ల నష్టపోయినవారికి నిర్ణేతలు ఏమైనా ఋణపడి ఉంటారా?

మన సంప్రదాయంలో ఈ విషయాన్ని గురించి విదురుడు చెప్పిన నీతి ఒకటి ప్రసిద్ధమైనది. కులం కొరకు ఒకనిని, గ్రామం కొరకు కులాన్ని, దేశం కొరకు గ్రామాన్ని విడువవచ్చునని దాని సారాంశం. రాజ్యమేలేవారికి ఇంతకంటె అనుకూలమైన నీతి మరియొకటి లేదు. పెద్ద మేలుకొరకు చిన్న నష్టాన్ని అంగీకరించండి అని ఎవరైనా చెప్పదలచినప్పుడెల్లా దీనిని ఉదాహరిస్తారు. కైరో నిర్ణయానికి కూడ ఇది అతికినట్లు సరిపోతుంది: ప్రపంచం కొరకు ఒక దీవిని విడిచినారు.

కాని ఆ మాటను విదురుడు ఎవరితో అన్నాడు, ఎప్పుడు అన్నాడు? దుర్యోధనుడు పుట్టినప్పుడు, దుశ్శకునాలు తోచినప్పుడు, ధృతరాష్ట్రునితో అన్నాడు. విడువమన్నది పరుల బిడ్డను కాదు, తన బిడ్డను. విడువవలసినవాడు తండ్రి, నష్టం ఆయన గుండెలోనే కలుగుతుంది. ఆ నీతికి బలం వచ్చినది అందువల్లనే. త్యాగమనే మాటకు అర్థం తనదానిని విడవడం. పరునిదానిని విడిచి దానిని త్యాగమనడం భాషకే అపచారం. ధృతరాష్ట్రుడు ఆ పని చేయలేకపోయినాడు. అది ఆయన దౌర్బల్యం. కాని కన్నబిడ్డను విడువలేని ఆ గ్రుడ్డిరాజు దౌర్బల్యంలో ఒక మానవత్వం ఉన్నది. ముఖమైనా ఎరుగని 33,768 మందిని ఏ వేదనా లేకుండ విడిచిన వివేకంలో అది లేదు.

ఇక్కడే ఈ వివాదపు అసలు లోపం కనిపిస్తుంది. లోపం తీర్పులో లేదు, సభలో ఉన్నది. దీవులవారి పక్షాన ఒక్కడైనా ఆ సభలో లేడు. దీవులవారే కాదు, ఏ దేశపు సముద్రంలో ఆ దాడి జరుగనున్నదో, ఏ దేశపు సైనికులు ఆ ఓడలు ఎక్కవలసి ఉన్నదో, ఆ భారతదేశం పక్షాన మాటలాడే అధికారం కలవాడు కూడ లేడు. మన నాయకులు అప్పటికి కారాగారాలలో ఉన్నారు. విడువబడేవాడు సభలో ఉండి ఉంటే తీర్పు మారేదని కాదు. బహుశా మారేది కాదు. కాని విడిచేవారు అతని ముఖం చూచి విడువవలసివచ్చేది. ఆ బరువు మోసి చేసిన నిర్ణయానికీ, మోయక చేసిన నిర్ణయానికీ ఫలితంలో భేదం లేకపోవచ్చును. ధర్మంలో భేదం ఉన్నది.

ఇదే న్యాయాన్ని మనవారికీ వర్తింపజేయకపోతే అది పక్షపాతమవుతుంది. 1943 నవంబరులోనే అండమాను దీవులను ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగిస్తున్నట్లు జపాను ప్రధాని టోజో ప్రకటించినాడు. కైరోలో బకనీర్ ఆగిన మూడు వారాలకు, డిసెంబరు 29న, సుభాస్ చంద్ర బోసు పోర్టు బ్లెయిరుకు వచ్చినాడు. మరునాడు జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకను ఎగురవేసినాడు. దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టినాడు. ఆ దినం మన జాతికి గర్వకారణమే. కాని పతాకతోపాటు సైన్యం రాలేదు. పాలన కొరకు వచ్చిన లోగనాథన్ చేతికి విద్యాశాఖ తప్ప అధికారం ఏమీ అందలేదు. నేతాజీ అక్కడ ఉన్న దినాలలోనే దివాన్ సింగ్ చెరసాలలో ఉన్నాడు. పతాక ఎగిరిన నెలకు హంఫ్రీగంజిలో తుపాకులు పేలినవి. నేతాజీ దేశభక్తిని దీనితో తూచరాదు. జపానువారు ఆయనకు ఏమి కనబడనిచ్చినారో, ఏమి దాచినారో కూడ విచారించవలెను. అయినా ఒక సంగతి చెప్పక తప్పదు. కాపాడే బలం లేని సార్వభౌమత్వం ప్రజలకు పేరు మాత్రమే ఇస్తుంది. ఒక పక్షం బలం ఉండీ పంపలేదు, మరియొక పక్షం పంపదలచినా బలం లేదు. దీవివానికి రెండూ ఒక్కటే అయినవి.

అయితే నిర్ణేత ఋణం ఎటువంటిది? మూడు విధాలని నాకు తోస్తుంది. మొదటిది లెక్కలో చేర్చడం: సైన్యాన్ని పంపినా, పంపకున్నా, తీసుకొనివచ్చినా, ఆ నేలమీద బ్రదికేవారి సంఖ్య కూడ సైనికుల సంఖ్య సరసన వ్రాయవలెను. రెండవది సత్యం చెప్పడం: విడువవలసివస్తే విడుస్తున్నామని వారితో ముందుగా చెప్పవలెను. విడిచిన తరువాత “అక్కడ విలువైనది ఏమీ లేదు” అని సరిపెట్టుకోరాదు. మూడవది తిరిగి వచ్చి అడగడం: గెలిచిన తరువాత ఆ ఒడ్డుకు వచ్చి, ఎవరు మిగిలినారు, ఎవరు పోయినారు, మా నిర్ణయంవల్ల మీరు ఏమి భరించినారు అని అడగవలెను. ఈ మూడింటిలో ఏదీ యుద్ధాన్ని ఒక్క గడియ ఆలస్యం చేయదు. ఏదీ ఒక్క పడవను అధికంగా కోరదు. అయినా సైనిక సభలలో ఈ మూడే అన్నిటికంటె అరుదుగా జరుగుతాయి.

ఒక చిన్న సంఘటనతో ముగిస్తాను. 1952లో మొదటి లోక్‌సభ ఏర్పడినప్పుడు అండమాను నికోబారు దీవుల ప్రతినిధిగా రాష్ట్రపతి నియమించినది కారు నికోబారుకు చెందిన క్రైస్తవ మతాచార్యుడు జాన్ రిచర్డ్‌సన్‌ను. జపాను ఆక్రమణ కాలపు హింసను స్వయంగా అనుభవించినవాడు ఆయన. సైన్యాలను పంపే విషయం చర్చించడానికి అధికారం గల ఒక సభలో, ఆ సైన్యాలు చేరని దీవి నుంచి ఒక మనిషి కూర్చున్నాడు. ఎనిమిది సంవత్సరాల క్రితం కైరోలో లేని కుర్చీ అదే. ఆయన అక్కడ ఎంత మాటలాడినాడన్నది ముఖ్యం కాదు. ఆ కుర్చీ ఉన్నది. ఎవరైనా ఆ దీవులను గురించి లెక్కలు వేయదలిస్తే ఆయన ముఖం చూచి వేయవలెను.

తరువాత ఆ దీవుల పేర్లు మారినవి. 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీపమయినది, నీల్ షహీద్ ద్వీపమయినది. 2024లో పోర్టు బ్లెయిరు శ్రీ విజయపురమయినది. 2001లోనే మూడు దళాలకూ ఉమ్మడిగా ఒక సైనిక కమాండు అక్కడ ఏర్పడినది. తూర్పు సముద్రంలో మన బలం ఎంత ఉండవలెను అన్న వాదం సేనానుల మధ్య, మంత్రుల మధ్య ఇకముందు కూడ సాగుతుంది, సాగవలసినదే. అప్పుడు బల్లమీద నౌకల సంఖ్య, దళాల సంఖ్య ఉంటాయి. హంఫ్రీగంజిలో 44 మందికి కట్టిన స్మారకం ఉన్నది. ఆ వాదానికి కూర్చునేవారు ముందుగా ఒకసారి అక్కడికి పోయి నిలుచుంటే, బల్లమీద ఇంకొక సంఖ్యను తామే వ్రాసుకొంటారు.